పొయ్యి పక్కన పీట

నాలుగు రోజుల కిందట మా కోడలు వంటింట్లో గ్యాసు గట్టు పక్కన నాకొక కుర్చీ వేసింది. భోజనాల బల్ల దగ్గరి కుర్చీల్లోంచి ఒకటి తెచ్చి, దాని మీద పాత దుప్పటి మడతపెట్టి మెత్తగా పరిచి, కిటికీ గాలి తగిలేలా సర్ది, "అత్తయ్యా, మీరిక్కడ కూర్చుని చెప్తూ ఉండండి, ఇవాళ పులుసు నేను పెడతాను, మీ చేతి రుచి నాకెప్పటికి వస్తుంది చెప్పండి" అంది. పెళ్ళై వచ్చిన నాటి నుంచీ ఇంట్లో పులుసు పెడుతూనే ఉన్న పిల్ల, నాకంటే బాగా పెడుతుందని మా అబ్బాయి నా ఎదుటే ఒకటి రెండుసార్లు నోరు జారాడు కూడా. అలాంటి పిల్ల ఇవాళ కొత్తగా నేర్పమని అడుగుతుంటే నాకు నవ్వొచ్చింది. నవ్వు ఆపుకుని బుద్ధిగా వెళ్ళి కూర్చున్నాను. ఆ కుర్చీ ఎందుకు వేసిందో నాకు తెలుసు. వంటింట్లో పెద్దావిడకు ఆసనం వేసి కూర్చోబెట్టే ఉపాయం అసలు కనిపెట్టింది నేనే. అదీ భవానీపురంలోని ఈ ఫ్లాటులో కాదు, చల్లపల్లి దగ్గర మా అత్తవారి ఊళ్ళో, తాటాకు వంటపాకలో, మట్టి పొయ్యి పక్కన.

నా ఈడువాళ్ళకు కట్టెల పొయ్యి అనగానే కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి, జ్ఞాపకాలతో కాదు, పొగతో. ఇప్పుడు బందరు వెళ్ళే రోడ్డు పొడుగునా బోర్డులే, కట్టెల పొయ్యి భోజనం అని. కిందటి నెల మా అబ్బాయి ముచ్చటపడి ఒకచోట కారాపి మమ్మల్ని లోపలికి తీసుకెళ్ళాడు. అక్కడ అందరికీ కనిపించేలా ముందువైపే పొయ్యిలు పెట్టి వండుతున్నారు, వచ్చినవాళ్ళు ఫోటోలు తీసుకుంటున్నారు. నా కళ్ళు మాత్రం పొయ్యి దగ్గర వంగి ఉన్న అమ్మాయి మీదే ఉన్నాయి. జారుడు చీర కట్టుకుంది, పైట వేలాడుతోంది, పొయ్యిలోంచి కట్టెలు బారెడు బయటికి వచ్చి ఉన్నాయి, వాటి పక్కనే ఎండుమట్టల మోపు. నాకు అన్నం సహించలేదు. చెయ్యి కడుక్కుని వెళ్ళి, "అమ్మాయ్, పైట బొడ్లో దోపుకో తల్లీ" అన్నాను. ఆ అమ్మాయి నవ్వి దోపుకుంది. మా అబ్బాయి మాత్రం, "మనం తినడానికొచ్చామా అమ్మా, తనిఖీకొచ్చామా" అన్నాడు. వాడికేం తెలుసు, ఆ మాట నాది కాదు, వాళ్ళ నాయనమ్మది.

నేను పుట్టి పెరిగింది బెజవాడలోనే, ఇదే భవానీపురంలో, కృష్ణ గట్టుకి దగ్గర్లో. మా నాన్నగారిది చిన్న ఉద్యోగం, అద్దె ఇల్లు, వరండా చివర తడక కట్టిన వంటిల్లు. మా అమ్మ వండేది రంపంపొట్టు పొయ్యి మీద. చూడనివాళ్ళకు చెప్తాను. రేకు డబ్బాకి అడుగున పక్కగా ఒక కన్నం ఉంటుంది. ఆ కన్నంలోంచి ఒక కర్ర దూర్చి, పైనుంచి ఒక సీసా నిలబెట్టి, చుట్టూ కోతమిల్లు నుంచి తెచ్చిన పొట్టు గట్టిగా కూరి, ఆ తర్వాత సీసానీ కర్రనీ మెల్లగా లాగేస్తే మధ్యలో గొట్టంలాంటి దారి మిగులుతుంది. కింద అంటిస్తే ఆ పూట వంట అయ్యేదాకా తన మానాన తాను కాలుతుంది, ఊదక్కర్లేదు, ఎగదోయక్కర్లేదు. ఆ పొట్టు కూరే పని నాది కాబట్టి, నిప్పు గురించి నాకు తెలియనిదేముందని ఒక ధీమా ఉండేది. ఆ ధీమాతోనే పెళ్ళి చేసుకుని, పామర్రులో బస్సు మారి, కూచిపూడి దాటి, చల్లపల్లిలో దిగి, అక్కడి నుంచి ఎడ్లబండి మీద అత్తవారింటికి వెళ్ళాను.

అత్తవారిది వ్యవసాయం. ముందు పెంకుటిల్లు, వెనక దొడ్లో విడిగా తాటాకు వంటపాక. మా వీధిలో అందరివీ అంతే. మా పాక చూరుకీ పక్కింటి పాక చూరుకీ మధ్య మనిషి పక్కకి తిరిగితే గానీ పట్టనంత సందు, ఆ పాకల వెనక వరసగా గడ్డివాములు. కొత్తగా వెళ్ళినప్పుడు ఆ దొడ్లన్నీ అలా ఆనుకుని ఉండటం నాకెంతో ముచ్చటగా అనిపించింది, గోడ అవతల నుంచి మాట కలపొచ్చు, కూర గిన్నె అందించొచ్చు. అందులో ఉన్న భయం నాకప్పుడు తెలియదు.

మా అత్తగారు పొట్టి మనిషి, గొంతు మాత్రం పొలం దాకా వినిపించేది. పాకలో ఉన్న జోడు పొయ్యిని ఆవిడే మట్టి తొక్కి, ఊక కలిపి, చేత్తో దిద్ది వేసుకుంది. రోజూ తెల్లారకముందే దాన్ని అలికి, ముగ్గు పెట్టి, దణ్ణం పెట్టి అంటించేది. దాని మీద ఇంకొకరి చెయ్యి పడకూడదు. నేను నీళ్ళు తోడొచ్చు, కూరలు తరగొచ్చు, పచ్చడి నూరొచ్చు, బియ్యం కడిగి గిన్నె అందించొచ్చు, కానీ గిన్నె పొయ్యెక్కాక ఇక దానితో నాకు సంబంధం లేదు. కట్టె ఒకటి ఎగదోద్దామని చెయ్యి చాచానో, "ఆగాగు, పట్నం పిల్లవి, నీకెందుకు" అనేది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వచ్చి, "ఏమ్మా, ఇంకా పొయ్యి అప్పగించలేదా మీ అత్త" అని ఆటపట్టించేవారు. పైకి నవ్వేదాన్ని గానీ లోపల ఉక్రోషంగా ఉండేది. ఆ రోజుల్లో పొయ్యి ఎవరి చేతిలో ఉంటే ఇల్లు వాళ్ళది, ఆ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు.

ఆ ఊరి కట్టడి ఒకటి నాకు మరీ కొత్త. వైశాఖం వచ్చి పడమటి గాలి మొదలైందంటే ఊళ్ళో డప్పు కొట్టి చాటింపు వేయించేవారు. పొద్దెక్కి గాలి లేచేసరికి పొయ్యిలన్నీ ఆరిపోవాలి, మళ్ళీ పొద్దువాలి గాలి తగ్గేదాకా ఎవరింట్లోనూ నిప్పు ఉండకూడదు. దొడ్లో గుంట తవ్వి, పిడకలు రాజేసి, ఆ సన్నసెగ మీద రోజంతా పాలకుండ కాగబెట్టే దాలి ఉంటుందే, అది కూడా ఆ రోజుల్లో బందే. నిప్పు అడుక్కోవడం కూడా బందే. మామూలు రోజుల్లో ఒకరింట్లో పొయ్యి అంటుకుందంటే పక్కవాళ్ళు పిడకముక్క మీద ఒక నిప్పుకణిక పెట్టుకుని పట్టుకుపోయేవారు. ఎండాకాలంలో అలా నిప్పుతో వీధిలోకి అడుగుపెడితే పెద్దవాళ్ళు కేకలేసేవారు. మధ్యాహ్నం ఊరు ఊరంతా చల్లారిన అన్నం, మామిడికాయ పప్పు, మజ్జిగ. ఒకసారి మా ఆడబిడ్డ భర్త ఎండన పడి వచ్చి కాఫీ అడిగితే, ఇంటి అల్లుడన్న మొహమాటం కూడా లేకుండా మా అత్తగారు చెంబుడు మజ్జిగ చేతికిచ్చి, "గాలి తగ్గనివ్వండి బాబూ, అప్పుడు రెండు గ్లాసులిస్తాను" అంది. ఆయన అలిగి సాయంత్రం కాఫీ కూడా తాగలేదు. అది వేరే కథ.

అందరికంటే ఆవిడకే ఆ కట్టడి పట్టింపు ఎక్కువ. ఎందుకో మా ఆడబిడ్డే ఒకరోజు చెప్పింది. మా అత్తగారి చిన్నతనంలో, వాళ్ళ పుట్టింటి ఊళ్ళో, ఒక ఇల్లాలి పొయ్యిలోంచి లేచిన నిప్పుకి వీధి మొత్తం ఒక్క పూటలో కాలిపోయిందట. ఎవరి పొయ్యో ఊరందరికీ తెలుసు. ఎవరూ ఆవిణ్ణి ఏమీ అనలేదట గానీ, ఆ ఇల్లాలు బతికినన్నాళ్ళూ తలెత్తి నడవలేదట, పేరంటానికి పిలిచినా వెళ్ళేది కాదట. కాలిపోయిన ఇళ్ళ గురించి మా అత్తగారు మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. ఆ ఇల్లాలి గురించి మాత్రం, పొయ్యి ముందు కూర్చుని ఏదో ఆలోచిస్తూ, "పాపం, మంచి మనిషే" అనడం విన్నాను.

ఆవిడ పద్ధతుల్లో అన్నిటికంటే గట్టిది బూడిద సంగతి. పొయ్యిలోంచి తీసిన బూడిదను ఒక మూతి పగిలిన కుండలో పోసి మూత పెట్టేది. రాత్రంతా అది కుండలో నిద్ర చేశాకే, మర్నాడు జల్లించి చూరు కింద ఉండే వెదురుబుట్టలోకి మార్చేది, గిన్నెలు తోముకోవడానికి. పైకి చల్లగా ఉంది కదా అని బూడిదను నమ్మొద్దనేది. అన్నట్టు గిన్నెలన్నీ తోమేది నేనే గానీ, పాలగిన్నె మాత్రం నాకిచ్చేది కాదు. తెల్లారగట్ల గేదె దగ్గరికి వెళ్ళబోయే ముందు ఆ బుట్టలోంచి గుప్పెడు బూడిద తీసుకుని స్వయంగా తోముకునేది.

నేను వెళ్ళిన మరుసటి వేసవికి ఆవిడలో ఏదో మార్పు కనబడసాగింది. అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టి చూడటం సరే, ఎసరు మరుగుతోందో లేదో కూడా చెవి ఒగ్గి వినేది. మంట ఎంతుందో అరచెయ్యి చాపి సెగతో తెలుసుకునేది. గుమ్మంలో ఎవరైనా నిలబడితే వాళ్ళు నోరు విప్పేదాకా ఊరుకుని, గొంతు వినగానే "ఓసి నువ్వటే, రా రా" అనేది. నేను దాన్ని గర్వం కింద జమకట్టాను. చూపు తగ్గిందన్న ఆలోచనే రాలేదు నాకు. ఏళ్ళ తరబడి పొగలో కాపురం చేసిన కళ్ళవి. ఆవిడ ఎవరికీ చెప్పలేదు. చెబితే పొయ్యి ముందు నుంచి లేవాల్సి వస్తుంది కదా.

ఒకరోజు గాలి పెందలాడే లేచింది. అత్తగారు వంట ముగించి, పొయ్యి చల్లార్చి, బూడిద తీసేసి, ముందు వసారాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. మావయ్యగారూ మావారూ చల్లపల్లి వెళ్ళారు. నేను కడిగిన గిన్నెలు బోర్లించడానికి దొడ్లోకి వెళ్ళాను. చూరు కింద వెదురుబుట్టలోంచి సన్నగా, అగరొత్తి పొగంత పొగ. గాలికి అది నిలవడం లేదు, ముందు నా భ్రమేమో అనుకున్నాను. దగ్గరికి వెళితే బుట్ట అంచు ఒకవైపు నల్లగా మాడి ఉంది, గాలి విసిరినప్పుడల్లా ఆ నలుపు మధ్య ఎర్రటి గీత ఒకటి కనిపించి పోతోంది. దానికి పైన, నా చేతికందే ఎత్తులో, ఎండి పెళపెళలాడే తాటాకు చూరు. పక్కనున్న కుండ మూత తీసి చూస్తే నిన్నటి బూడిద అలాగే చల్లగా ఉంది. కుండలో పోస్తున్నాననుకుని అత్తగారు వేడి బూడిదను బుట్టలో పోసేసింది. రెండూ పక్కపక్కనే ఉంటాయి, కళ్ళున్నవాళ్ళెవరూ పొరపడరు. అప్పుడర్థమైంది నాకు.

అరుద్దామనుకున్నాను. అరిస్తే వీధంతా వస్తుంది. బుట్టను కాలితో చూరు కింద నుంచి ఈవలికి లాగి, గేదెలకు కడుగునీళ్ళు పోసే కుడితి తొట్టి పక్కనే ఉంటే అందులోంచి బకెట్టుతో ముంచి గుమ్మరించాను. చుయ్యిమని పొగ లేచింది. మళ్ళీ ముంచి పోశాను. చూరులో ఎక్కడైనా రవ్వ చేరిందేమోనని దాన్నీ తడిపాను. అంతా అయ్యాక బకెట్టు కింద పెట్టాను. మా పాక, పక్కింటి పాక, వెనక వాములు, ఆ పక్కింట్లో ఉయ్యాల్లో నిద్రపోతున్న పసిబిడ్డ, అన్నీ వరసగా కళ్ళముందు కదిలాయి. వసారాలోంచి ఆవిడ గొంతు వినిపించింది, "అమ్మాయ్, ఏంటా చప్పుడు?" అని. "తొట్టిలో నీళ్ళు పోస్తున్నానత్తయ్యా" అన్నాను. తడిసిన బూడిద మీద కుండలోని పొడి బూడిద పోసి కప్పి, బుట్టలో కాలిన వైపును గోడకేసి తిప్పి పెట్టాను.

ఆ మధ్యాహ్నమంతా నాకదే ఆలోచన. మావయ్యగారికి చెబితే, ఆయన కోపిష్ఠి మనిషి, అప్పటికప్పుడు ఆవిణ్ణి పొయ్యి ముందు నుంచి లేపేస్తారు, కళ్ళు కనపడనిదానివి నీకెందుకని నలుగురిలో అనేస్తారు. మావారికి చెబితే ఆయన వెళ్ళి నాన్నగారికే చెబుతారు. ఎవరికి చెప్పినా చివరికి ఆవిడకు తెలిసేది ఒక్కటే, తన చేత్తో వీధి తగలబడబోయిందని. పుట్టింటి ఊళ్ళో ఆ ఇల్లాలు గుర్తుకొచ్చింది. ఇంత గొంతున్న మనిషీ ఆవిడలాగే తలదించుకుని మూల కూర్చుంటుందేమోనని తలుచుకుంటే నాకు ఏడుపొచ్చింది. అప్పటిదాకా ఎంత ఉక్రోషపడ్డానో, ఆ పూట ఆవిడ మీద అంత ప్రేమ పుట్టుకొచ్చింది. అలాగని ఊరుకోనూ లేను. రేపు మళ్ళీ గాలి లేస్తుంది, మళ్ళీ బూడిద తియ్యాలి.

మర్నాడు ఆవిడ దొడ్లో ఉండగానే నేను పాకలో చేరి పొయ్యి అలికి, దానికి కాస్త ఎడంగా, గుమ్మం వైపు, గాలి తగిలేచోట భోజనాల పీట ఒకటి వాల్చాను. ఆవిడ పాలగిన్నె తోముకుని, కొంగుతో చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చింది. పీట కాలికి తగిలి ఆగిపోయి, "ఇదేంటే ఇక్కడ" అంది. ముందే వల్లెవేసుకున్న మాటలు గబగబా అప్పజెప్పాను.

"మా పిన్ని కూతుళ్ళు నన్ను చూసి నవ్వుతున్నారత్తయ్యా, పెళ్ళై ఇన్నాళ్ళైనా కట్టెల పొయ్యి మీద గుప్పెడన్నం వండటం రాదని. మీరిక్కడ కూర్చుని చెప్పండి, నేను చేస్తాను. తప్పు చేస్తే మొట్టండి."

ఆవిడ చాలాసేపు పీట ముందే నిలబడింది. నేను తలెత్తి చూడలేదు. బయట గేదె మెడలో గంట మోగుతోంది. చివరికి మోకాలి మీద చెయ్యి ఆనించుకుని, మెల్లగా పీట మీద కూర్చుని, "ముందా పైట బొడ్లో దోపు" అంది.

అలా మొదలైంది నా చదువు. పైట తర్వాత చీర. అప్పట్లో నైలాన్ చీరలు కొత్త మోజు, నాకు పెళ్ళికి పెట్టినవన్నీ అవే, కట్టుకుని మురిసిపోయేదాన్ని. ఆవిడ తన పాత నేతచీర ఒకటి పాక గుంజకి తగిలించి, పొయ్యి దగ్గరికొస్తే ఇదే కట్టాలంది. నైలానుకి నిప్పంటుకుంటే కాలడమే కాదు, కరిగి ఒంటికి అతుక్కుపోతుందని చెప్పింది. జడ ముడేసుకోవాలి. కొంగుతో గిన్నె దించకూడదు, మసిగుడ్డతోనే దించాలి, ఆ మసిగుడ్డ కూడా వేలాడేంత పొడుగుండకూడదు. పక్కన చెంబుడు నీళ్ళు కాదు, నిండు బిందె ఉండాలి. నూనె మూకుడు అంటుకుంటే మాత్రం ఆ నీళ్ళ జోలికి పోకుండా మూత బోర్లించి, పొయ్యిలో కట్టెలు ఈవలికి లాగెయ్యాలి. కిరసనాయిలు సీసా పాక గడప దాటి లోపలికి రాకూడదు. పొయ్యి ముందు కూర్చోవడానికి కూడా ఒక పద్ధతి, ఎదురుగా కాకుండా కాస్త పక్కగా, కట్టె జారినా ఒళ్ళో పడకుండా. నేను ఒక పక్క ఊదుగొట్టంతో ఊపిరాడక చస్తుంటే, ఇంకో పక్క పీట మీద నుంచి ఈ పాఠాలన్నీ అదే గొంతుతో సాగేవి.

కట్టెల్లో కూడా ఎంత తేడా ఉందో అప్పుడే తెలిసింది. జీలుగ తొందరగా అంటుకుని తొందరగా ఆరిపోతుంది, కాఫీలకు చాలు. తుమ్మ మొద్దు నిలిచి కాలుతుంది, అన్నానికీ పప్పుకీ అదే. తాటిమట్టా కొబ్బరిమట్టా భగ్గుమంటాయి కాబట్టి ఒక్కొక్కటే పెట్టాలి. వెదురు బొంగు మాత్రం చచ్చినా పెట్టకూడదు, కణుపులో గాలి వేడెక్కి టపాసులా పేలుతుంది. ఆ సంగతి ఇంకా చెప్పకముందే నేనొకసారి తడికలోంచి ఊడిన ముక్క ఒకటి పొయ్యిలో పెట్టాను. అది పేలిన చప్పుడికి పక్కింటి పిన్నిగారు పరిగెత్తుకొచ్చింది. మా అత్తగారు పీట మీద నుంచి కదలకుండా, "ఏం లేదులే వదినా, మా కోడలు దీపావళి చేస్తోంది" అంది. ఆ మాట ఊళ్ళో చాలాకాలం నడిచింది.

వానాకాలంలో తడికట్టెలు పొయ్యి గట్టు మీద ఆరబెట్టడం ఊళ్ళో అందరూ చేసేదే, ఆవిడ నన్ను చెయ్యనిచ్చేది కాదు. వానలు రాకముందే మోపులు కట్టించి వసారాలో పేర్పించేది. పచ్చికట్టె పెడితే వచ్చే పొగే కళ్ళని తినేసేది, అంటూ ఒకసారి మధ్యలో ఆగిపోయింది. నేనూ ఊదుగొట్టం పక్కన పెట్టి ఆగిపోయాను. తర్వాత ఇద్దరం పప్పు గురించి మాట్లాడుకున్నాం. ఆ మర్నాడే మావయ్యగారి వెంటబడి పొయ్యికి ఎదురుగా తడికలో ఒక కిటికీ కోయించింది. ఉన్నట్టుండి కిటికీ ఎందుకని ఆయన అడిగితే, లోపల గంప కింద కోడిపిల్లలకి వెలుతురు లేదంది. ఆ కోడిపిల్లల పుణ్యమే, ఇవాళ్టికీ సూదిలో దారం నేనే ఎక్కించుకుంటున్నాను.

మా అబ్బాయి పుట్టినప్పుడు పురిటికి మా పుట్టింటికి వచ్చాను. చలికాలం, బాలింత గది అని మా అమ్మ కుంపటి పెట్టి, గాలి రాకుండా తలుపులన్నీ బిగించేది. చూడటానికి వచ్చిన మా అత్తగారు గడపలో అడుగుపెడుతూనే తలుపు బార్లా తీసి, అది మళ్ళీ మూతపడకుండా రోకలి అడ్డం పెట్టేసింది. బొగ్గుల వేడి బాగానే ఉంటుంది గానీ, మూసిన గదిలో అది కంటికి కనపడకుండా మనిషిని నిద్రలోనే తీసుకుపోతుందని చెప్పింది. మా అమ్మకు కోపమొచ్చి ఆ పూట ఆవిడతో మాట్లాడలేదు. రోకలి మాత్రం తియ్యలేదు.

ఇన్ని పాఠాల్లో బూడిద పాఠం ఒక్కటి మాత్రం ఆవిడ పీట మీద నుంచి ఎప్పుడూ చెప్పలేదు. పీట వేసిన మొదటి రోజే, వంట అయ్యాక, "బూడిద నువ్వే తియ్యి ఇకనుంచి, నా నడుం వంగటం లేదు" అంది. అంత తేలిగ్గా ఒప్పుకుందేమిటా అని లోలోపల ఆశ్చర్యపడి, నా తెలివికి నేనే మురిసిపోయాను.

చాలాకాలం తర్వాత మావారి బలవంతం మీద బెజవాడలో ఆవిడకు శుక్లాల ఆపరేషను చేయించాం. సోడాబుడ్డి కళ్ళద్దాలు పెట్టుకుని ఇంటికొచ్చిన రోజు తిన్నగా పాకలోకి వెళ్ళి, పొయ్యిని వంగి వంగి చూసి, "ఇదటే నువ్విన్నాళ్ళూ అలికిన అలుకు" అంది. అందరం పడీపడీ నవ్వాం. ఇక పొయ్యి వెనక్కి తీసుకుంటుందేమో అనుకుని, నిజం చెప్పొద్దూ, నేను కాస్త బెంగపడ్డాను కూడా. ఆవిడ మాత్రం వెళ్ళి పీట మీద కూర్చుంది.

మావయ్యగారు పోయాక మావారికి బెజవాడలో వ్యాపారం కుదిరి అందరం ఇక్కడికి వచ్చేశాం. గ్యాసు పొయ్యి వచ్చింది. దాన్ని మా అత్తగారు ఎన్నడూ నమ్మలేదు. పొగుండదు, చప్పుడుండదు, ఉన్నదీ లేనిదీ చెప్పని నిప్పేమిటనేది. గిన్నెలకు బూడిద లేదని కొన్నాళ్ళు దిగులుపడింది. ఒకరోజు నేను గిన్నెలు తోమే పొడి ప్యాకెట్టు విప్పుతుంటే, చిటికెడు తీసుకుని వేళ్ళ మధ్య నలుపుతూ, ఏ ముందూ వెనకా లేకుండా మొదలుపెట్టింది.

"ఆ ఏడు ఎండల్లో ఒకరోజు పాలగిన్నె తోముదామని బుట్టలో చెయ్యి పెట్టానే. పైన పొడిగానే ఉంది, కింద ముద్ద. కుడితి కంపు. అంచు తడిమితే ఒకపక్క లేనే లేదు. అక్కడే కూలబడ్డాను. తర్వాత లేచి లోపలికొస్తే, కాలికి నీ పీట తగిలింది."

ఆ పొద్దున పీట ముందు ఆవిడ అంతసేపు ఎందుకు నిలబడిందో, ఇన్నేళ్ళకు అర్థమైంది. మరి అప్పుడే అనలేదేమత్తయ్యా అని మెల్లగా అడిగాను. "నువ్వన్నావా?" అంది. అని, నా చెయ్యి తీసుకుని కాసేపు తన చేతిలో ఉంచుకుంది. ఆ తర్వాత ఆ సంగతి మేమిద్దరం మళ్ళీ ఎత్తలేదు.

ఇప్పుడావిడ లేదు, మావారూ లేరు. కిందటి వారం నేను మధ్యాహ్నం పాలు పొయ్యి మీద పెట్టి, వెళ్ళి పడుకున్నాను. ఫోనేదో వచ్చిందని చెప్పుకోవచ్చు గానీ ఫోనేమీ రాలేదు, పాలు పెట్టిన సంగతే గుర్తులేదు. మెలకువ వచ్చేసరికి ఇంట్లో కిటికీలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి, బయట మెయిన్ ఆపేసినట్టు ఫ్యాను ఆగిపోయి ఉంది, వీధి తలుపు కూడా తీసి ఉంది. ఆఫీసు నుంచి పెందలాడే వచ్చిన కోడలు నా పక్కన మంచమ్మీద కూర్చుని, కొంగులేని పిల్ల, చున్నీతోనే మొహం తుడుచుకుంటోంది. నేను లేవగానే, "పాలు విరిగాయత్తయ్యా, కొత్త ప్యాకెట్టు కాచి కాఫీ ఇస్తాను" అంది. వంటింట్లోకి వెళ్ళి చూస్తే గట్టంతా శుభ్రంగా తుడిచి ఉంది, బర్నరు కింద మాత్రం పాలచారిక ఒకటి మిగిలింది. పాలు పొంగి మంట ఆరిపోయింది, గ్యాసు మాత్రం వస్తూనే ఉంది. ఆ వాసన ఇంకా పూర్తిగా పోలేదు. నేనేమీ అడగలేదు. రాత్రి మా అబ్బాయి వస్తే వాడికి ఆ అమ్మాయి ఏమీ చెప్పలేదు. మర్నాడు కుర్చీ వచ్చింది.

ఆ కుర్చీలో కూర్చుని ఈ నాలుగు రోజులుగా ఆలోచిస్తున్నాను. ఆ రోజుల్లో నిప్పు కనిపించేది, వినిపించేది, కళ్ళు మండించి మరీ తానున్నానని చెప్పేది. ఒకరి పొయ్యి వీధంతటిదీ, అందుకే గాలి లేస్తే ఊరంతా కలిసి ఆర్పుకునేవాళ్ళం. ఇప్పుడు మా కిందా పైనా ఎన్ని సంసారాలున్నాయో, ఎవరి తలుపు వెనక ఎవరి పొయ్యి వెలుగుతోందో మాకు తెలియదు, నిప్పు కావాలని తలుపు తట్టేవాళ్ళు లేరు, ఆర్పమని చాటింపు వేసేవాళ్ళూ లేరు. పొగ పోయినందుకు నాకేం బాధలేదు, పోవాల్సిందే అది. మళ్ళీ ఆ పాకలోకి వెళ్ళి వండమంటే వెళ్ళను. కానీ ఆ పీట మీద కూర్చున్న మనిషి ఒక్కసారి కనిపిస్తే బాగుండుననిపిస్తుంది. పొయ్యి ముందు నుంచి లేవటం ఎంత కష్టమో నాకు ఇప్పుడు గానీ తెలియలేదని, లేచింది చాలక నాకు నేర్పుతూ కూర్చుందే, అది ఎంత పెద్దమనసో ఇప్పుడు గానీ తెలియలేదని చెప్పాలని ఉంది.

ఇవాళ కూడా కోడలు గిన్నెలో నానిన చింతపండు నా ముందుకు చాపి, "ఇంత చాలా అత్తయ్యా?" అని అడిగింది. చాలునని ఆ పిల్లకీ తెలుసు, ఆ పిల్లకి తెలుసని నాకూ తెలుసు. కుర్చీలో కాస్త ముందుకు జరిగి కూర్చున్నాను.

"చాల్లే గానీ, ముందా చున్నీ వెనక్కి ముడేసుకో" అన్నాను.